నీళ్ళు కారని తీపి పులుపు సలాడ్: పాలకూర, దోరజామ, పల్లీ పట్టి

(మొదటి షాట్: బల్ల మీద పక్కపక్కనే రెండు గిన్నెలు)

అందరికీ నమస్కారం. ముందు ఈ ఎడమ పక్క గిన్నె చూడండి. కలిపి అరగంట అయింది, అడుగున నీళ్ళు చేరాయి, ఆకు వడిలిపోయి గిన్నెకి అతుక్కుంది. ఇప్పుడు కుడి పక్కది. అవే ఆకులు, అవే పళ్ళు, అదే నిమ్మరసం తేనె. తేడా రెండే రెండు విషయాల్లో ఉంది: దీంట్లో ఆకుని కడిగాక బాగా ఆరబెట్టాను, ఇప్పుడే కలిపాను. చాలామంది "సలాడ్ మాకు పడదండీ, గడ్డి తిన్నట్టుంటుంది" అంటారు కదా, వాళ్ళు తిన్నది చాలాసార్లు ఆ ఎడమ పక్క గిన్నెలోదే. నేను కూడా మొదటిసారి ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశాను, మధ్యాహ్నం భోజనాలకి తీసేసరికి అంతా నీళ్ళే. చాలా బాధేసింది. అందుకే ఈ వీడియోలో రెసిపీ ఒక్కటే కాకుండా ఎందుకలా అవుతుందో కూడా చెప్తాను, అది తెలిస్తే మీ ఇంట్లో ఏ పళ్ళుంటే వాటితో చేసుకోవచ్చు.

మాగాయ పెట్టేటప్పుడు గుర్తు తెచ్చుకోండి. మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడితే రెండు మూడు రోజులకి ఊట ఊరుతుంది. ఆ ఊట ఎక్కడిది? ముక్కల్లోదే, ఉప్పు బయటికి లాగింది. ఆకు విషయంలోనూ అంతే, కాకపోతే ఆకు పల్చన కాబట్టి రోజులు పట్టదు, నిమిషాల్లో అయిపోతుంది. ఉప్పు, తేనె, పంచదార, ఏది తగిలినా లోపలి నీరు బయటికొస్తుంది, నీరు పోయిన ఆకు వడిలిపోతుంది. పైగా ఆకు మీద మైనంలాంటి సన్నటి పొర ఒకటి ఉంటుంది, తామరాకు మీద నీటి బొట్టు నిలవదే, అలాంటిదే. నూనె మాత్రం ఆ పొరలోంచి మెల్లగా లోపలికి దిగి ఆకుని మెత్తబరుస్తుంది. అందుకే ముందే కలిపి పెట్టకూడదు.

(షాట్: మార్కెట్ సంచిలోంచి ఆకులు తీయడం)

సరే, నలుగురికి సరిపడా చెప్తున్నాను. లెట్యూస్ 150 గ్రాములు, లేత పాలకూర ఒక 50 గ్రాములు, గుప్పెడు పుదీనా. లెట్యూస్ ఇప్పుడు సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది, దొరక్కపోతే క్యాబేజీని వీలైనంత సన్నగా తరుక్కోండి, అది కూడా కరకరలాడుతుంది. పాలకూర మాత్రం లేతదే కావాలి, ముదురు ఆకు పచ్చిగా తింటే నాలుక మీద బిరుసుగా, వగరుగా ఉంటుంది. ఎండాకాలం మొదట్లో అయితే చింతచిగురు కాస్త తెచ్చుకోండి, పప్పులో వేసేటప్పుడు నలిపినట్టే రెండు చేతుల మధ్య నలిపి పైన చల్లుకుంటే ఆ పులుపుకి నిమ్మకాయ సగం తగ్గించుకోవచ్చు. చిన్నప్పుడు చెట్టు కింద నిలబడి చిగురు పచ్చిగానే నమిలిన వాళ్ళకి ఆ రుచి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

కడగడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే మనం దీన్ని ఉడికించడం లేదు, కూరలో అయితే పొయ్యి మీద పోయేవి ఇక్కడ పోవు. పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి ఆకులు వేసి చేత్తో కదపండి, ఒక నిమిషం వదిలేయండి, మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు నీళ్ళు వంపకండి, వంపితే అడుగున ఉన్న మట్టి మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. ఆకుల్ని చేత్తో పైకి ఎత్తి వేరే గిన్నెలోకి తీయండి. అడుగున మట్టి కనిపించనంతవరకు ఇలా నీళ్ళు మార్చుకుంటూ చేయండి, నాకైతే పాలకూరకి మూడుసార్లు పడుతుంది. ఆకు మార్కెట్ నుంచి వచ్చేసరికే కొంచెం వాడిపోయి ఉంటే చివరిసారి ఐస్ వేసిన నీళ్ళలో ఒక పావుగంట ఉంచండి, ఆకు నీళ్ళు పీల్చుకుని మళ్ళీ నిటారుగా లేస్తుంది.

(షాట్: పాత కాటన్ పంచె మీద ఆకులు పరచడం)

ఇక ఆరబెట్టడం. ఉతికిన పాత కాటన్ పంచె ఒకటి దీనికోసమే పెట్టుకోండి. దాని మీద ఆకులు ఒకే వరసలో పరిచి, చాపలా మెల్లగా చుట్టి, రెండు కొసలూ పట్టుకుని నాలుగుసార్లు ఊపండి, నీళ్ళన్నీ గుడ్డకి పట్టేస్తాయి. ఆకులు ఆరబెట్టే గిర్రున తిరిగే డబ్బాలు కూడా అమ్ముతారు, రోజూ సలాడ్ తినే ఇంటికి అది పనికొస్తుంది, లేకపోతే పంచె చాలు. ఆకు తడిగా ఉంటే నూనె దానికి అంటుకోదు, జారి అడుక్కి పోతుంది, పైన తింటున్నవాళ్ళకి చప్పగా, చివర్న తినేవాళ్ళకి పుల్లగా. చుట్టిన గుడ్డని అలాగే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయండి. ఈ పని రాత్రి చేసి పెట్టుకున్నా ఏమీ కాదు.

పళ్ళకి వద్దాం. నేను ఒక దోరజామకాయ, ఒక బత్తాయి, ఒక దానిమ్మలో సగం వేస్తున్నాను. జామకాయ బాగా పండినది వద్దు, కలిపేటప్పుడు చిదిమిపోయి అంతా ముద్దగా అవుతుంది. గోరు గుచ్చితే కాస్త దిగాలి, వాసన రావాలి, అంతవరకే. పల్చటి ముక్కలు కోసి, మధ్యలో గింజల భాగం తీసేయండి, తీసింది పారేయొద్దు, నేను అక్కడే నిలబడి తినేస్తాను.

బత్తాయి తొనల మీద తెల్లటి పొర చేదుగా ఉంటుంది, ఓపిగ్గా తీయాలి. నల్లగొండ వైపు తోటల్లోంచి వచ్చే బత్తాయిలు మంచి రసంతో ఉంటాయి, కానీ ఈ పండుతో ఒక ఇబ్బంది ఉంది. రసం తీసి కాసేపు వదిలేస్తే చేదెక్కుతుంది, జ్యూస్ బండి దగ్గర అప్పటికప్పుడు తీసి ఇచ్చేది అందుకే. కాబట్టి తొనలు ఒలవడం చివర్లో పెట్టుకోండి. చలికాలంలో కమలాపండ్లు దొరికితే వాటికి ఈ టెన్షన్ తక్కువ.

దానిమ్మకి ఒక చిన్న పద్ధతి. గిన్నెలో నీళ్ళు పోసి, నీళ్ళలోపలే కాయ విప్పి గింజలు రాల్చండి, గింజలు మునుగుతాయి, తెల్ల పొర పైకి తేలుతుంది. బట్టలకి మరకలూ పడవు. ఆపిల్ వేసుకునేవాళ్ళు ముక్క కోసిన వెంటనే నిమ్మరసం రాయండి, లేకపోతే గాలి తగిలి ఎర్రబడుతుంది. అరటిపండు, బాగా పండిన బొప్పాయి మాత్రం దీంట్లో నాకు నచ్చవు, రెండూ మెత్తగా అయిపోతాయి. ద్రాక్ష వేస్తే నిలువుగా రెండు చేయండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే నాలుగు చేయండి, గుండ్రటి ద్రాక్ష గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

(క్లోజప్: బాణలిలో జీడిపప్పు రంగు మారడం)

ఇప్పుడు పప్పులు. పావు కప్పు జీడిపప్పు, పలాసది దొరికితే ఇంకా సంతోషం, సన్న సెగ మీద నూనె లేకుండా వేయించండి. కలుపుతూనే ఉండాలి. లేత బంగారు రంగు రాగానే పళ్ళెంలోకి తీసేయండి, స్టవ్ ఆపేశాం కదా అని బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికే ఇంకా మాడుతుంది.

పల్లీలకి బదులు నేను ఏం వేస్తానంటే, పల్లీ పట్టి! అమెరికాలో రెస్టారెంట్లలో ఇలాంటి సలాడ్‌లో పంచదార పాకం పట్టిన అక్రోట్లు, పెకాన్లు వేస్తారు, తియ్యగా కరకరలాడుతూ ఆకు మధ్యలో తగులుతాయి. అలాంటిది మన కిరాణా కొట్టు సీసాలో ఎప్పుడూ ఉంది కదా, బెల్లం పాకంలో వేయించిన పల్లీలు. రెండు పట్టీలు కవర్లో వేసి చపాతీ కర్రతో బరకగా నలగ్గొట్టండి, మరీ పొడి చేయకండి. పుల్లటి ఆకు మధ్యలో బెల్లం పల్లీ తగిలితే ఎలా ఉంటుందో ఒక్కసారి తిని చూడాలి మీరు, నాకు ఈ సలాడ్ మొత్తంలో అదే ఎక్కువ ఇష్టం. ఒక్కటే, దీన్ని గిన్నెలో కలపకూడదు, వడ్డించాక పైన చల్లాలి, ఎందుకంటే తడి తగిలితే బెల్లం కరిగిపోతుంది.

పళ్ళూ పప్పులూ కలిపి సలాడ్ చేయడం కొత్త ఫ్యాషనేమీ కాదండి. న్యూయార్క్ వాల్డార్ఫ్ హోటల్లో 1890ల్లోనే ఆపిల్, సెలరీ, మయొనైజ్ కలిపి పెట్టేవాళ్ళు, అక్రోట్లు తర్వాత వచ్చి చేరాయి. మనకైతే శ్రీరామనవమి వడపప్పు ఉంది. నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి, మామిడికాయ తురుము, పొయ్యి వెలిగించే పనే లేదు.

(షాట్: మూత ఉన్న గాజు సీసా)

డ్రెస్సింగ్. ఇక్కడే అసలు రుచి ఉంది, నెమ్మదిగా చెప్తాను. ముందు పావు టీ స్పూను ఆవపిండిలో ఒక టీ స్పూను చల్లటి నీళ్ళు పోసి 10 నిమిషాలు వదిలేయండి. ఆవఘాటు నీళ్ళు తగిలాకే బయటికొస్తుంది, మొదటే నిమ్మరసం పోస్తే అంత రాదు. తర్వాత 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం, ఒకటిన్నర టేబుల్ స్పూను తేనె, అర టీ స్పూను ఉప్పు, కాస్త మిరియాల పొడి వేయండి. ఇవన్నీ సీసాలో వేసి, 3 టేబుల్ స్పూన్ల నూనె పోసి, మూత గట్టిగా పెట్టి బాగా గిలకొట్టండి. నూనే నిమ్మరసం మామూలుగా కలవవు, కాసేపటికే విడిపోతాయి, ఆవపిండి, తేనె ఉంటే చిక్కబడి ఎక్కువసేపు కలిసే ఉంటాయి. ఫ్రెంచ్ వాళ్ళు మామూలుగా ఒక వంతు పులుపుకి మూడు వంతుల నూనె పోస్తారు, మనకి పులుపు కాస్త ఎక్కువే కావాలి కాబట్టి నేను నూనె తగ్గించాను.

ఏ నూనె? పప్పునూనె, అంటే నువ్వుల నూనె, లేదా గానుగ పల్లీ నూనె. గానుగ నూనె వాసన ఘాటుగా ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు సగం పొద్దుతిరుగుడు నూనె కలుపుకోండి. అసలు నూనె లేకుండా చేస్తాం అని కొందరు అడుగుతారు. వద్దు. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్, విటమిన్ కె ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి.

రుచి చూసేటప్పుడు చెంచాతో చూడకండి, చెంచాతో చూస్తే ఎప్పుడూ పులుపు ఎక్కువైనట్టే అనిపిస్తుంది, భయపడి తేనె పోసేస్తాం. ఒక ఆకు ముంచి తినండి. పళ్ళు గుంజేంత పులుపైతే తేనె పావు స్పూను, ఏదో వెలితిగా ఉంటే ఉప్పు చిటికెడు. చాలాసార్లు తక్కువయ్యేది ఉప్పే. పులిహోర కలిపేటప్పుడు మీ నాలుక ఎలా చెప్తుందో ఇక్కడా అలాగే చెప్తుంది, దాన్నే నమ్మండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఒక మాట. "తేనె కదా, పర్లేదు" అనుకోకండి, తేనె కూడా చక్కెరే, ఒంట్లో చక్కెరని పెంచుతుంది. వాళ్ళ పళ్ళెంలోకి తేనె లేని డ్రెస్సింగ్ వేరే చేయండి, పల్లీ పట్టికి బదులు ఉత్త వేయించిన పల్లీలు వేయండి, జామ ముక్కలు కొద్దిగా, బత్తాయి ఇంకా కొద్దిగా. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు పాలకూరలాంటి ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువ తినకూడదు, విటమిన్ కె వల్ల ఆ మందు పని తగ్గుతుంది, కాబట్టి వాళ్ళు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు.

(షాట్: వెడల్పు గిన్నె, రెండు చేతులు)

అందరూ కూర్చున్నాక కలపాలి. మనం కలిపి వాళ్ళ కోసం ఎదురుచూడటం కాదు, వాళ్ళు కూర్చుని మన కోసం ఎదురుచూడాలి. అవసరమైన దానికంటే పెద్ద గిన్నె తీసుకోండి. ఆకులు వేయండి, పెద్ద ఆకులు చేత్తో తుంచండి, పుదీనా కూడా తుంచడమే, కత్తితో తరిగితే అంచులు నల్లబడతాయి. సీసా మళ్ళీ ఒకసారి గిలకొట్టి సగం మాత్రం గిన్నె అంచు వెంట పోయండి. శుభ్రంగా కడుక్కున్న చేతులతో కింద నుంచి పైకి ఎత్తుతూ కలపండి, అన్నం కలిపినట్టు పిసకొద్దు. ప్రతి ఆకూ సన్నగా మెరవాలి, అడుగున మడుగు కట్టకూడదు. చాలకపోతే ఇంకో చెంచా. తర్వాత జామ, బత్తాయి వేసి రెండుసార్లు తిప్పండి, పళ్ళేల్లోకి తీసి పైన దానిమ్మ, జీడిపప్పు, చివరగా పల్లీ పట్టి.

అమెరికాలో, మిగతా దేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఈ పని ఇంకా సులువు, కడిగిన లేత పాలకూర డబ్బాల్లోనే వస్తుంది, జామ బదులు స్ట్రాబెర్రీ వేసుకోండి, ఆవపిండి, పల్లీ పట్టి ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయి. డబ్బా ఆకు కూడా ఒక్కోసారి చెమ్మగా ఉంటుంది, గుడ్డ మీద ఒకసారి పరచండి.

కలిపింది మిగిలితే దాచకండి, ఆ పూటే తినేయండి. కలపని పాలకూర మిగిలితే రేపు పప్పులోకి వెళ్తుంది, సీసాలో మిగిలిన డ్రెస్సింగ్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, సాయంత్రం కీర ముక్కల మీద పోసుకోండి.

(చివరి షాట్: ఖాళీ పళ్ళెం, అంచున రెండు దానిమ్మ గింజలు)