అరటి బోదె బూడిదతో బయోడీజిల్: ఇంధనం వచ్చేది ఎక్కడి నుంచి?

నమస్కారం. వ్యవసాయ వ్యర్థాలతో బయోడీజిల్ అన్న వార్త వచ్చిన ప్రతిసారీ, అరటి బోదెలను పిండి డీజిల్ తీస్తున్నారని నమ్మేవారు కనిపిస్తూనే ఉంటారు. కొన్ని వార్తల శీర్షికలు కూడా అలాగే ఉండటం నాకు బొత్తిగా మింగుడుపడదు. ఆ ఇంధనం నూనె నుంచి వస్తుంది. బోదె ఇచ్చేది నూనెను మార్చే ఉత్ప్రేరకాన్ని.

మన విశాఖ హార్బరులోకి ఓడ వచ్చే తీరు చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా వచ్చే భారీ నౌకను బెర్తుకు చేర్చడానికి టగ్గులనే చిన్న పడవలు తోడుంటాయి. సరకంతా ఓడది, టగ్గు తన పని ముగించి, తాడు విప్పుకొని, మరో ఓడ కోసం వెనుదిరుగుతుంది. ఇక్కడ ఓడ నూనె, టగ్గు ఉత్ప్రేరకం. నూనెలోని ఒక్కో ట్రైగ్లిజరైడ్ అణువు మిథనాల్ అనే ఆల్కహాల్ అణువులు మూడింటితో కలిసి మూడు మిథైల్ ఎస్టర్లుగా, ఒక గ్లిజరాల్‌గా మారుతుంది. ఆ ఎస్టర్లే బయోడీజిల్. మిథనాల్ మరిగే 65 డిగ్రీల దరిదాపుల్లో, ఉత్ప్రేరకం లేకుండా ఈ చర్య ఎందుకూ కొరగానంత నెమ్మదిగా సాగుతుంది. నూనె బరువులో కొద్ది శాతం బూడిద కలిపితే కొన్ని గంటల్లోనే పూర్తవుతుంది.

బూడిదలో ఆ టగ్గు పొటాషియం కార్బొనేట్. అరటి నేల నుంచి పొటాషియంను విపరీతంగా లాగుతుంది కనుకనే రైతులు దానికి పొటాష్ ఎరువు అంతగా వేస్తారు. గెల కోశాక నరికిపారేసే బోదెలో ఆ పొటాషియం గణనీయంగా మిగిలే ఉంటుంది. బోదెను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను కొలిమిలో మళ్ళీ 500 నుంచి 700 డిగ్రీల వేడిలో ఉంచితే మిగిలిన బొగ్గు కాలిపోయి, కార్బొనేట్, క్లోరైడ్ వంటి లవణాలు మిగులుతాయి. క్లోరైడ్ వల్ల ఇక్కడ పెద్దగా ప్రయోజనం లేదు. కార్బొనేట్ మాత్రం మిథనాల్ నుంచి ప్రోటాన్‌ను లాగి, మెథాక్సైడ్ అనే తాడును పేనుతుంది. నూనె అణువుకు తగులుకొనేది ఆ తాడే.

అలాగని ప్రతి బూడిదా టగ్గు కాదు. వరి ఊక బూడిదలో దాదాపు 90 శాతం సిలికాయే కనుక, అది టగ్గులను కట్టివేసే జెట్టీ వంటిది. దానిపై పొటాషియంను పరిచి వాడుకోవచ్చు.

ఘన ఉత్ప్రేరకాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చన్న ప్రచారాన్ని నేను సగమే నమ్ముతాను. కార్బొనేట్ కొంత మిథనాల్‌లో కరిగిపోతుంది. ప్రతి విడతలోనూ టగ్గు సిబ్బందిలో కొందరు ఓడ ఎక్కి వెళ్ళిపోయినట్టు, దాని శక్తి తగ్గుతూ వస్తుంది.

సమయం మించిపోతోంది కనుక మిగిలినది క్లుప్తంగా చెబుతాను. బీచ్ రోడ్డు బజ్జీల బండ్లపై మరిగి మరిగి నల్లబడిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి బూడిదలోని క్షారంతో కలిసి సబ్బుగా మారుతాయి. అందుకు అనకాపల్లి బెల్లం గానుగల దగ్గర దొరికే చెరకు పిప్పిని గాలి తగలకుండా బొగ్గుగా మార్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపితే ఘన ఆమ్ల ఉత్ప్రేరకం వస్తుంది. ముందు దానితో ఆ కొవ్వు ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చి, తర్వాత బూడిదను వాడాలి. మిథనాల్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది, ఇంట్లో ప్రయత్నించకండి. మొదటి దశలో పుట్టే నీటిని పూర్తిగా తొలగించకపోతే, రెండో దశలో మళ్ళీ సబ్బే తయారవుతుంది.