అక్టోబర్‌కి ఎంతమంది పిచర్లు మిగులుతారు?

అందరికీ నమస్కారం. అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 2023, 2024 శీతాకాలాల్లో పిచర్ల కోసం, అంటే బంతి విసిరేవాళ్ల కోసం, కోట్ల డాలర్లు పోసింది. ఆ డబ్బులో ఏది అక్కరకొచ్చింది, ఏది రాలేదు అన్నదే ఈరోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

2023 సీజన్‌లో డాడ్జర్స్ 100 మ్యాచ్‌లు గెలిచింది. అక్టోబర్‌లో టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌కొచ్చేసరికి అరిజోనా జట్టు చేతిలో వరసగా మూడు ఓడి ఇంటిముఖం పట్టింది. తొలి మ్యాచ్‌లో క్లేటన్ కెర్షా అంతటివాడు ఒక్కరినే ఔట్ చేసి, ఆరు పరుగులిచ్చి దిగిపోయాడు. మూడో మ్యాచ్‌లో లాన్స్ లిన్ ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) ఇచ్చాడు. బేస్‌బాల్ మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. మూడు మ్యాచ్‌ల్లోనూ స్టార్టర్లు, అంటే మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్లు, ముగ్గురూ కలిపి ఐదు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు. బ్యూలర్, మే, గోన్సోలిన్ అనే పిచర్లు ముగ్గురూ మోచేతి ఆపరేషన్లతో అప్పటికే జట్టుకు దూరమయ్యారు.

ఈ మోచేతి సంగతి కాస్త చెప్పుకోవాలి. క్రికెట్‌లో పేసర్‌కి పరిగెత్తుకొచ్చిన ఊపు ఉంటుంది. పిచర్‌కి అది లేదు. మట్టిదిబ్బ మీద నిలబడ్డ చోటు నుంచే గంటకు 95 మైళ్ల వేగంతో విసరాలి. ఒక్కోసారి మోచేతి లోపలి లిగమెంట్ తెగిపోతుంది. అప్పుడు ముంజేతి నుంచి స్నాయువు తీసి అక్కడ అమరుస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ ఆపరేషన్ మొదటిసారి చేసింది డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కే. ఇప్పటికీ ఆ ఆపరేషన్ ఆయన పేరుతోనే ఉంది. కోలుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

ఆ ఓటమి తర్వాత డాడ్జర్స్ బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసే ఒహ్తానీని పదేళ్లకు 70 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. అతనికీ అప్పుడే మోచేతి ఆపరేషన్ అయింది కాబట్టి 2024లో బ్యాటింగే, పిచింగ్ లేదు. పిచర్ గ్లాస్‌నౌని టాంపా బే జట్టు నుంచి ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, తెచ్చుకున్నారు. అందరూ ముక్కున వేలేసుకున్నది యోషినోబు యమమోటో విషయంలో. జపాన్ నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు, అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అప్పటికి ఒక్క బంతి వేయలేదు. అతనికి 12 ఏళ్లకు 32.5 కోట్లు! జపాన్‌లో వరసగా మూడేళ్లు ఉత్తమ స్టార్టర్‌కిచ్చే సవామురా అవార్డు గెలిచినవాడు నిజమే. కానీ అక్కడ స్టార్టర్ వారానికోసారి వేస్తాడు, అమెరికాలో మామూలుగా ఐదు రోజులకోసారి వేయాలి. తొలి ఏడాదే భుజం నొప్పితో దాదాపు మూడు నెలలు కూర్చున్నాడు.

2024లో ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలిచాక కూడా కొనడం ఆపలేదు. స్టార్టర్ స్నెల్‌కి ఐదేళ్లకు 18.2 కోట్లు. రిలీవర్ (స్టార్టర్ దిగాక వచ్చి వేసే పిచర్) టానర్ స్కాట్‌కి నాలుగేళ్లకు 7.2 కోట్లు. మరో రిలీవర్ యేట్స్‌కి ఒక్క ఏడాదికి 1.3 కోట్లు. జపాన్ పిచర్ సాసాకి వయసు 25 లోపు కావడంతో లీగ్ నిబంధనల ప్రకారం 65 లక్షల డాలర్ల బోనస్‌తోనే వచ్చాడు.

2025లో జరిగింది చూడండి. స్కాట్ చేతికొచ్చిన ఆధిక్యాలను పదేపదే పోగొట్టాడు. ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. యేట్స్ కూడా కలిసిరాలేదు. చివరి ఇన్నింగ్స్ బాధ్యత స్టార్టర్‌గా వచ్చిన సాసాకి మీద పడింది. టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఒహ్తానీ మొదలుపెట్టాడు. మధ్యలో గ్లాస్‌నౌ వచ్చాడు, తర్వాత స్నెల్, చివర్లో యమమోటో. నలుగురూ స్టార్టర్లే! యమమోటో ముందురోజే 96 బంతులు వేశాడు. అయినా మళ్లీ దిగి, స్కోరు సమమై అదనపు ఇన్నింగ్స్‌కి సాగిన ఆ ఆటలో 34 బంతులతో 11వ ఇన్నింగ్స్ దాకా నిలిచి మ్యాచ్ ముగించాడు.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. స్టార్టర్‌కి పెట్టిన డబ్బు రెండు విధాలా పనికొస్తుంది. మొదట్లో వేయించవచ్చు, అవసరమైతే చివర్లోనూ వేయించవచ్చు. రిలీవర్ ఒక ఏడాది అద్భుతంగా వేసి మరుసటి ఏడాదే తేలిపోవచ్చు. అలాంటివాడికి నాలుగేళ్ల ఒప్పందం ఇవ్వడం నాకు నచ్చదు. అలాగని రిలీవర్లు అక్కర్లేదని కాదు. యమమోటో ఒప్పందం 2035 దాకా ఉంది. వరసగా రెండు రోజులు వేయించడం ఏటా చేస్తే ఏ చేయీ తట్టుకోదు. ఆ చేతిని కాపాడడానికైనా నమ్మదగ్గ రిలీవర్లు ఇద్దరు ముగ్గురు కావాలి. వాళ్లకు ఏడాదికి ఎక్కువ డబ్బు ఇచ్చినా ఫర్వాలేదు, ఒప్పందం మాత్రం రెండేళ్లు దాటనివ్వకండి.