ముట్లు ఆగడం తెలుసు, ఆగే ముందు సంగతో?

[తెర మీద: చీకటి గది. గడియారంలో 3:10]

నడిరాత్రి మెలకువ వచ్చింది. ఛాతీ దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా ముఖానికి పాకింది. దుప్పటి తన్నేశారు. మెడ వెనక జుట్టంతా తడి. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, చలి! తన్నేసిన దుప్పటే మళ్లీ వెతుక్కోవాలి.

పొద్దున ఎవరైనా అడిగితే "నిద్ర పట్టలేదు" అంటాం. అంతే.

మెనోపాజ్ అంటే ఏంటంటే "ముట్లు ఆగిపోవడం" అని ఠక్కున చెప్తారు. తప్పేం కాదు. వేరే కారణమేదీ లేకుండా వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టే. ఎక్కువమందికి 45, 55 ఏళ్ల మధ్య వస్తుంది. కానీ అసలు తంటాలన్నీ అంతకుముందే మొదలవుతాయి. ఆ దశే పెరిమెనోపాజ్, కొన్నేళ్లు సాగుతుంది. అండాశయాల్లో తయారయ్యే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ బుద్ధిగా మెట్లు దిగదు. ఒక నెల ఎగిసి, ఇంకో నెల పడిపోతుంది. అందుకే నెలసరి ఒకసారి 20 రోజులకే, ఇంకోసారి రెండు నెలలకి.

[తెర మీద: మెదడు బొమ్మ]

మరి ఆ సెగ? ఒంటి వేడికి కాపలా కాసేది మెదడులోని హైపోథాలమస్. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి దానికి ఓర్పు తగ్గుతుంది. ఒళ్లు రవ్వంత వేడెక్కినా కంగారుపడి, చర్మంలోని రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తుంది.

కీళ్లనొప్పులు, గుండెదడ, మతిమరుపు, యోని పొడిబారడం కూడా ఈ దశ వల్ల కావచ్చని చాలామందికి తోచదు. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి తిరుగుతారు. ఇక మనసు సంగతి. కొందరికి "పీడ వదిలింది" అన్నంత హాయి, కొందరికి ఏదో పోయిందన్న దిగులు. దిగులుగా ఉన్న మనిషికి "మంచిదేగా" అని చెప్పడం మాత్రం నాకు నచ్చదు.

ఈ తంటాలు తగ్గడానికి, తగ్గిన ఈస్ట్రోజెన్‌కి బదులుగా ఇచ్చే హార్మోన్ మందులంటే ఇంకా భయమే. 2002లో అమెరికాలో ఈ మందుల మీద జరుగుతున్న ఓ పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ ముప్పు వార్తల్లో మారుమోగింది. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అన్నది ఎవరి చెవికీ చేరలేదు! 60 లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామందికి మేలే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి మాత్రం మామూలుగా ఇవ్వరు.

[తెర మీద: తేదీలు చుట్టిన క్యాలెండర్]

చివరి నెలసరి తేదీ రాసి పెట్టుకోండి. ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా "మళ్లీ మొదలైందిలే" అనుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. 40 రాకముందే ఆగిపోయినా అంతే.