హుకుం ఎవరి భాషలో వచ్చింది?

[తెర మీద: తెల్లవారుజాము. ఇంద్రకీలాద్రి, కింద కృష్ణమ్మ, బ్యారేజీ మీద బండ్ల దీపాలు]

వెయ్యేళ్ళ కిందట మన బెజవాడలో ఒక రాజు ఒక హెచ్చరిక చెక్కించాడు. ఆయన పేరు యుద్ధమల్లుడు, తూర్పు చాళుక్యుడు. కుమారస్వామి గుడికి సంబంధించిన మఠం ఒకటి ఉండేది. అది గొరగలకే, అంటే శైవ సన్యాసులకే. వేరేవాళ్ళొచ్చి అందులో మకాం పెడితే వారణాసిని పాడుచేసినంత పాపం చుట్టుకుంటుందని రాతి మీద రాయించాడు.

రాయించింది తెలుగులో. అదీ పద్యాల్లో, మధ్యాక్కర అనే ఛందస్సులో. అప్పటికింకా నన్నయగారి భారతం లేదు.

సంస్కృతం వచ్చిన పండితులు ఆయన కొలువులో లేకనా? నాకు తోచేది ఒకటే. వసతిగా ఉంది కదా అని మఠంలో దూరేవాడు పండితుడై ఉండక్కర్లేదు. శాపం పెడితే అది వాడికి తెలియాలి కదా!

[తెర మీద: ఉంగరంతో గుచ్చిన రాగి రేకులు, రాజముద్ర]

అదే వంశం వాళ్ళ రాగి శాసనాలు చూడండి. రాజుగారి వంశం, పరాక్రమం అంతా సంస్కృతమే. దానమిచ్చిన పొలం హద్దుల దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా శాసనాల్లో తెలుగు మాటలు దిగుతాయి. పొగడ్త అర్థం కాకపోతే ఎవరికీ నష్టం లేదు. గట్టు ఎక్కడుందో అర్థం కాకపోతే తలకాయలు పగులుతాయి. ఏ వాక్యం ఎవరి కోసమో భాషను బట్టే తెలిసిపోతుంది.

[తెర మీద: గుంటూరు, రద్దీగా ఉన్న ఒక కచేరీ వరండా, దరఖాస్తులు రాసిపెట్టే మనిషి]

తర్వాత గోల్కొండ సుల్తానులు. కొలువు భాష పారసీ అయినా, ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ రాయించారు. ఇబ్రహీం కుతుబ్‌షాని మన కవులు మల్కిభరాముడని సొంతం చేసుకున్నారు. రాజు మన మాటకు చోటిస్తే మనం ఆయన పేరునే తెలుగు చేసేసుకున్నాం. ఇది నాకు ఎంత ఇష్టమో!

గుంటూరు సీమ 1788లో నిజాం చేతుల్లోంచి కంపెనీకి పోయింది. ఆ ఏలుబడి పోయినా మాటలు పోలేదు. తహసీల్దారు, దరఖాస్తు, దస్తావేజు, జమాబందీ, ఫసలీ, జప్తు, ఫిర్యాదు. ఒకసారి ఈ మాటల్ని వరసగా పైకి అనుకోండి. దుక్కి, నాట్లు, కోత, నూర్పిడి మనవే. పండిన పంట లెక్క కచేరీ మెట్లెక్కగానే మాట మారిపోయింది. సామాన్యుడు సర్కారుకి ఎదురుపడే ప్రతిచోటా సర్కారు భాషే కూర్చుంది. ఇప్పుడా కుర్చీలో ఇంగ్లీషు ఉంది.

[తెర మీద: 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర పటం, గుంటూరు మీద చుక్క]

పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగు మాట్లాడేవాళ్ళకంటూ వచ్చిన రాష్ట్రం. దాని హైకోర్టు మన గుంటూరులోనే పెట్టారు. తీర్పులు మాత్రం ఇంగ్లీషులో. తెలుగే అధికార భాష అంటూ 1966లో అధికార భాషా చట్టం తెచ్చారు. ఈనాటికీ హైకోర్టు తీర్పు ఇంగ్లీషులోనే వస్తుంది. భూమి పోయిందో దక్కిందో రైతుకి ఆయన వకీలు చెప్పాలి.

2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అంటూ జీవోలొచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇంగ్లీషే కావాలన్న తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కోర్టూ కొలువూ ఏ భాషలో ఉంటే పిల్లల్ని ఆ గుమ్మానికే నడిపిస్తారు. ముందు మారాల్సింది ఆ గుమ్మం.

[తెర మీద: ముడతలు పడ్డ చేతిలో బటన్ల ఫోను]

మా వీధిలో ఒక మామ్మగారున్నారు. సర్కారు నుంచి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఆ పథకం పేరు చక్కటి తెలుగు, వింటేనే కడుపు నిండేలా ఉంటుంది. డబ్బు ఎందుకు ఆగిందో చెప్పే మెసేజ్ మాత్రం ఇంగ్లీషులో వచ్చింది. ఎండలో మూడుసార్లు ఆఫీసుకి తిరిగింది. వెళ్ళినప్పుడల్లా "ఫోన్‌కి మెసేజ్ వచ్చిందిగా, చూసుకో" అన్నారు. నాలుగోరోజు సాయంత్రం ఫోను నా చేతికిచ్చి, "ఏమని రాశారు నాయనా?" అంది.

"ఈకేవైసీ కాలేదంట మామ్మా. వేలిముద్ర వేసి రావాలి."

"ఇంతేనా? ఈ మాట మొదటిరోజే చెప్తే అప్పుడే వేసొచ్చేదాన్నిగా."