కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్: ముందు తారీఖు చూడండి

అందరికీ నమస్కారం.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం సార్, ఏ లినక్స్ వేసుకోమంటారు?" అప్పటికే యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి ఉంటారు. ఒకాయన మింట్ అంటాడు, ఇంకొకాయన ఫెడోరా అంటాడు. విండోస్‌లాగా కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో ఇవి రెండు రకాలు; ఇలాంటి రకాలనే డిస్ట్రోలంటారు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "మీ మెషిన్ ఏ సంవత్సరం మోడల్?"

ఎందుకంటే, 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే మూల ప్రోగ్రామే, ఈ డిస్ట్రోలన్నిటి లోపలా ఉంది. వైఫై చిప్పునీ టచ్‌ప్యాడ్‌నీ గుర్తుపట్టాల్సింది అదే. తన తర్వాత పుట్టిన చిప్పు దానికి చాలాసార్లు తెలియదు. డెబియన్ అనే ఇంకో డిస్ట్రో ఉంది. దాని 12వ విడుదలలో ఉన్నది 6.1 కెర్నల్, 2022 డిసెంబరు నాటిది. చాలా నిలకడైన సిస్టమ్. కానీ 2025 మోడల్ ల్యాప్‌టాప్‌లో వేస్తే వైఫై అసలు కనపడకపోవచ్చు. అప్పుడు "లినక్స్ పనికిరాదండీ" అని తీసేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వేసి ఉంటే అందులో 6.12 ఉంది, పని జరిగిపోయేదేమో.

ఫెడోరాలో కెర్నల్ ఎప్పుడూ కొత్తదే, అయితే ఒక్కో విడుదలకు అప్‌డేట్లు సుమారు 13 నెలలే. ఉబుంటు అనే డిస్ట్రోలో ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే ఎల్‌టీఎస్ విడుదలకు ఐదేళ్లు, మధ్యలో కొత్త కెర్నల్ కూడా ఇస్తారు. ఇంట్లో అందరూ వాడే మెషిన్ అయితే నేను ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ, దాని మీద కట్టిన మింట్ గానీ చెప్తాను.

ఏది అనుకున్నా ముందు పెన్‌డ్రైవ్‌ మీంచే నడిపి చూడండి. లినక్స్ ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది తీసుకోండి. వైఫై కలపండి, కెమెరా తెరవండి, ఒక పాట పెట్టండి. ఆ తర్వాత మూత మూసి, ఐదు నిమిషాలాగి తెరవండి. నిద్ర లేవని ల్యాప్‌టాప్‌తో రోజూ వేగడం కష్టం. ఈ ఒక్క పరీక్షా మానకండి.

ఇప్పుడు నా వల్ల జరిగిన తప్పు చెప్పాలి. ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని తన ల్యాప్‌టాప్ తెచ్చింది. నేను నేరుగా బయోస్‌లోకి, అంటే మెషిన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి, నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆపేశాను. మళ్లీ విండోస్ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉందని ఆ అమ్మాయికి తెలియదు, నేను చూడలేదు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే. చివరికి ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ దొరికింది గానీ, ఆ రెండు గంటలు ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. పైగా సెక్యూర్ బూట్ ఆపాల్సిన అవసరమే లేదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ మూడూ అది ఉండగానే బూట్ అవుతాయి. విండోస్ ఉంచుకునేవాళ్లు ముందుగా ఆ కీని కాగితం మీద రాసుకోండి. ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. లినక్స్‌కు చోటు కోసం సీ డ్రైవ్‌ను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి, విండోస్‌ను పూర్తిగా మూతపడనివ్వని ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. ఇన్‌స్టాలర్ "మొత్తం డిస్క్ చెరిపేయనా" అన్నచోట చెయ్యి ఆపి, రెండుసార్లు చదవండి. విండోస్ లేకుండా అమ్మే డాస్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు ఈ బెంగ లేదు.

తెలుగు సంగతి. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులోనే నడుస్తుంది. టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రామ్, దాంతోపాటు కీబోర్డు లేఅవుట్లున్న ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు రెండూ వస్తాయి. ప్రెస్సుల్లో ఆపిల్ కీబోర్డు చేతికి అలవాటైనవాళ్లు ఉన్నారు కదా, అదీ ఉంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే దొరుకుతాయి. అయితే పేజ్‌మేకర్‌, అను ఫాంట్ల మీద బతుకుతున్న డీటీపీ మిత్రులు విండోస్‌ను తీసేయవద్దు. పక్కన లినక్స్ పెట్టుకుని, కొత్త పనిని మెల్లగా అన్ని సిస్టమ్‌లూ చదివే యూనికోడ్‌లోకి తెచ్చుకోండి.

ఆ బల్ల మీద ఉబుంటు, డెబియన్ 13 ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ముందు రికవరీ కీ రాసుకుని నా దగ్గరికి రండి. మూత పరీక్షతో మొదలుపెడదాం.