ప్లాంటాజెనెట్లు: మూడు వందల ఏళ్ల ఆస్తి తగాదా

[తెరపై: పెద్ద గద్ద, దాన్ని పొడుస్తున్న నాలుగు పిల్లలు]

ఇంగ్లండ్‌లోని విన్‌చెస్టర్ కోటలో ఒక గది గోడ మీద రాజు రెండో హెన్రీ ఓ బొమ్మ వేయించాడట. ఒక పెద్ద గద్ద, దాని మీద నాలుగు గద్ద పిల్లలు. మూడేమో ఒళ్లంతా పొడుస్తున్నాయి. నాలుగోది మెడ మీద కూర్చుని కళ్లు పొడిచేందుకు అదను చూస్తోంది. ఇదేంటని అడిగితే, ఆ నాలుగూ తన కొడుకులేననీ, తాను ఎక్కువ ముద్దు చేసే చిన్నోడే అందరికన్నా గట్టి దెబ్బ కొడతాడనీ చెప్పాడట. ఈ సంగతి రాసింది ఆ కాలపు రచయిత గెరాల్డ్ ఆఫ్ వేల్స్. ఆయనకు ఈ రాజంటే పడదు, కాబట్టి కాస్త ఉప్పూ కారం కలిపే ఉంటాడు. కానీ జరిగింది మాత్రం అచ్చం అదే.

1154 నుంచి 1485 వరకు ఇంగ్లండ్‌ను ఏలిన ప్లాంటాజెనెట్ వంశం కథ ఇది. మొత్తం 14 మంది రాజులు. క్రూసేడ్లు (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధాలు), ఫ్రాన్స్‌తో యుద్ధాలు అని పుస్తకాల్లో చదువుతాం గానీ, నన్నడిగితే ఈ మూడు శతాబ్దాల కథంతా ఆస్తి పంపకాల గొడవే.

[తెరపై: మ్యాప్. స్కాట్లండ్ సరిహద్దు నుంచి పిరనీస్ పర్వతాల దాకా]

అసలు రెండో హెన్రీకి సింహాసనం వచ్చిందే దాయాదుల పోరు వల్ల. 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి, అప్పటి రాజు మొదటి హెన్రీకి వారసుడైన కొడుకు చనిపోయాడు. మిగిలింది కూతురు మెటిల్డా. ఆమెనే రాణిగా ఒప్పుకుంటామని ప్రభువులందరూ ప్రమాణం చేశారు. తీరా 1135లో రాజు పోగానే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టేసుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లు కొట్టుకున్నాక రాజీ కుదిరింది: బతికున్నంత కాలం స్టీఫెన్, ఆ తర్వాత మెటిల్డా కొడుకు హెన్రీ.

అలా 21 ఏళ్లకే రాజయ్యాడు. తల్లి వైపు నుంచి ఇంగ్లండ్, నార్మండీ. తండ్రి వైపు నుంచి ఆంజూ. భార్య ఎలియనోర్ వైపు నుంచి ఆక్విటేన్. ఫ్రాన్స్ రాజు కన్నా ఫ్రాన్స్‌లో ఈయనకే ఎక్కువ భూమి ఉండేది. మనిషి చురుకైనవాడు. ఊరూరా తిరిగి తీర్పులు చెప్పే రాజు జడ్జీల పద్ధతిని గట్టిపరిచింది ఈయనే. కామన్ లా, అంటే కోర్టు తీర్పుల మీద నడిచే ఇంగ్లండ్ చట్టానికి పునాది అక్కడ పడింది.

ఇంట్లోనే తేడా కొట్టింది. 1170లో, తాను బతికుండగానే పెద్ద కొడుక్కి రాజుగా పట్టాభిషేకం చేయించాడు. పేరుకే రాజు. భూమి లేదు, డబ్బు లేదు. ఆస్తి పిల్లల పేరున రాసేసి తాళంచెవులు మాత్రం మొలకే కట్టుకున్న పెద్దాయన తీరు అది. 1173లో చిన్నోడు జాన్ పెళ్లి మాటల్లో భాగంగా చినోన్, లూడన్, మిరెబో అనే మూడు కోటలు అతనికి ఇస్తానన్నాడు. అవి నావి కదా అని పెద్దోడు అలిగి, పిల్లనిచ్చిన మామ దగ్గరికి పారిపోయాడు. ఆ మామ ఫ్రాన్స్ రాజు ఏడో లూయీ. అంతేకాదు, సొంత తల్లి ఎలియనోర్‌కి మాజీ భర్త కూడా! తమ్ముళ్లు రిచర్డ్, జెఫ్రీ అన్న వెంటే నడిచారు. ఎలియనోర్ కూడా కొడుకుల పక్షమే. మగవేషంలో పారిపోతూ పట్టుబడి, మొగుడు పోయేదాకా సుమారు 16 ఏళ్లు నిర్బంధంలో ఉంది.

ఆ తిరుగుబాటును హెన్రీ అణిచేశాడు. కానీ 1189లో రిచర్డ్ మళ్లీ ఫ్రాన్స్‌తో కలిసి తండ్రి మీదికి వచ్చాడు. చినోన్ కోటలో జబ్బుతో పడి ఉన్న రాజు, తనను వదిలి శత్రువుతో కలిసినవాళ్ల జాబితా చదవమన్నాడు. మొదటి పేరు జాన్.

[తెరపై: నాణేల కుప్ప]

పెద్దోడు అప్పటికే పోయాడు కాబట్టి, ఆ తర్వాత రిచర్డ్. లయన్‌హార్ట్ అని పెద్ద పేరు. పదేళ్ల పాలనలో ఇంగ్లండ్‌లో ఉన్నది ఆరు నెలలు. క్రూసేడ్ నుంచి వస్తూ వియన్నా దగ్గర దొరికిపోతే, విడిపించడానికి అప్పటి వెండి లెక్కలో 1,50,000 మార్కులు అడిగారు. దానికోసం జనం ఆదాయంలో, చరాస్తుల్లో నాలుగో వంతు పన్నుగా వసూలు చేశారు. అన్న జైల్లో ఉండగా తమ్ముడు జాన్ ఏం చేస్తున్నాడంటే, సింహాసనం మీద కన్నేసి ఫ్రాన్స్‌తో బేరాలు.

జాన్ రాజయ్యాక పోటీకి వచ్చినవాడు జెఫ్రీ కొడుకు ఆర్థర్. 1202లో బాబాయి చేతికి చిక్కి, మరుసటి ఏడాది కనిపించకుండా పోయాడు. జాన్ చంపించాడనే అందరూ నమ్మారు. 1204కల్లా నార్మండీ చేజారింది. దాన్ని తిరిగి గెలవాలని పదేళ్లు పన్నులు పిండాడు. మళ్లీ పెళ్లి వద్దన్న వితంతువుల దగ్గర కూడా డబ్బు గుంజాడు. 1214లో బూవీన్ దగ్గర జాన్ మిత్రులు ఓడిపోవడంతో అంతా మట్టిపాలైంది. ఇక ప్రభువులు ఊరుకోలేదు. 1215 జూన్ 15, రన్నీమీడ్ మైదానం, రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం మాగ్నా కార్టా.

జాన్ సంతకం పెడుతున్నట్టు బొమ్మలు చూసే ఉంటారు. సంతకం లేదు, రాజముద్ర మాత్రమే. అందులోని అంశాలను తర్వాతి వాళ్లు 63గా లెక్కపెట్టారు. థేమ్స్ నదిలో చేపల అడ్డుకట్టలు తీసేయాలనే అంశం ఉంది, వితంతువును బలవంతంగా పెళ్లికి ఒప్పించకూడదనే అంశం ఉంది. వాటి మధ్యే 39వది: చట్టప్రకారం తీర్పు లేకుండా ఏ స్వతంత్రుడినీ బంధించకూడదు. పోప్ పది వారాలకే పత్రం చెల్లదన్నాడు. కానీ జాన్ కొడుకు మూడో హెన్రీ తొమ్మిదేళ్లకే గద్దెనెక్కడంతో, జనాన్ని దగ్గర చేసుకోవడానికి ఆయన పెద్దలు దాన్ని మార్పులతో మళ్లీ బయటికి తీశారు.

[తెరపై: రాజుల పేర్లు వేగంగా]

మధ్యలో ఒకటో ఎడ్వర్డ్ వేల్స్‌ను గెలిచాడు, రెండో ఎడ్వర్డ్‌ను 1327లో దించేశారు. మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్ కిరీటం కూడా తల్లి వైపు నుంచి నాదేనంటూ నూరేళ్ల యుద్ధం మొదలెట్టాడు. ఈయనకు కొడుకులు ఎక్కువ, వాళ్లకు పెద్ద పెద్ద ఎస్టేట్లు. ఆ కొడుకుల్లోంచే లాంకాస్టర్, యార్క్ శాఖలు పుట్టాయి. 1399లో లాంకాస్టర్ వారసుడు వరసకు అన్నదమ్ముడైన రెండో రిచర్డ్‌ను దించాడు. 1455 నుంచి రెండు శాఖలూ నేరుగా కత్తులు దూశాయి. యార్క్ రాజు నాలుగో ఎడ్వర్డ్ సొంత తమ్ముడు జార్జ్‌ను 1478లో చంపించాడు. ఎడ్వర్డ్ పోయాక అతని ఇద్దరు పిల్లలు లండన్ టవర్ అనే కోటలో మాయమయ్యారు. బాబాయి మూడో రిచర్డ్ రాజయ్యాడు.

[తెరపై: లెస్టర్ కార్ పార్కింగ్]

1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు. 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద అస్థిపంజరం దొరికింది. వెన్నెముక పక్కకు వంగి ఉంది, పుర్రె మీద ఆయుధాల గాట్లు, పాదాలు లేవు. గొయ్యి పొట్టిదై తల పైకి ఎత్తి పెట్టాల్సి వచ్చింది. అతని అక్క వంశంలోని వాళ్ల డీఎన్ఏతో సరిపోల్చి రిచర్డే అని తేల్చారు.

అయితే మగ వారసుడు ఇంకొకడున్నాడు. చంపించారని చెప్పానే, ఆ జార్జ్ కొడుకు ఎడ్వర్డ్. బాస్‌వర్త్‌లో గెలిచి రాజైన ఏడో హెన్రీ ఆ పదేళ్ల పిల్లాణ్ణి టవర్లో పెట్టించాడు. 14 ఏళ్లు అక్కడే. 1499లో తల తీయించాడు.