ఆ రోజు గదిలో పడుకోకండి

అందరికీ నమస్కారం. పిలిచిన నిర్వాహకులకూ, వేదిక మీద ఉన్న పెద్దలకూ థాంక్స్. నాకిచ్చిన టాపిక్ విదేశాల్లో మొదటి ఏడాది జాగ్రత్తలు. బ్యాంక్ అకౌంటు, సిమ్ కార్డు, చలికోటు గురించి నా ముందు మాట్లాడినవాళ్ళు చక్కగా చెప్పారు కాబట్టి నేను వాటి జోలికి పోను. 2017 డిసెంబర్ 6 గురించి చెప్తాను. అప్పుడు నేను హెల్సింకిలో చదువుకుంటున్నాను. ఫిన్లాండ్‌కి స్వాతంత్ర్యం వచ్చి ఆ రోజుకి సరిగ్గా వందేళ్ళు.

సీనియర్లు నాకు చెప్పిందల్లా ఒకటే, "ఆ రోజు షాపులు చాలావరకు మూసేస్తారు, ముందు రోజే సరుకులు తెచ్చుకుని హాయిగా పడుకో" అని. వాళ్ళని అనడం లేదు, వాళ్ళకీ అంతే చెప్పి పంపారు. నా బాధ అక్కడే. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నెలల తరబడి నేర్పిస్తాం, వెళ్ళే దేశంలో మనుషులు ఏం చూసి వచ్చారో ఒక్క గంట కూడా చెప్పం.

డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం మూడుంపావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. ఆ చీకట్లో విద్యార్థులు కాగడాలు పట్టుకుని హియెతానియెమి స్మశానం నుంచి సెనేట్ స్క్వేర్ దాకా నడుస్తారు, 1951 నుంచి ఉన్న ఆనవాయితీ. క్లాసులో ఒకమ్మాయి రమ్మంటే వెళ్ళాను. చాలామంది నెత్తిన తెల్ల టోపీలు. మనకి ఊరేగింపంటే డప్పులు, మైకులు. అక్కడ అడుగుల చప్పుడు, మెల్లగా మాటలు, అంతే. పండగ పూట స్మశానం నుంచి బయల్దేరడం ఏంటని అడిగాను. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళు అక్కడే ఉన్నారు కదా, వాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టకపోతే ఎలా అంది. దానికి చాలా ముందే, స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలల్లోపే అంతర్యుద్ధం మొదలై, సొంత మనుషుల చేతుల్లోనే ముప్పై అయిదు వేలమందికి పైగా పోయిన దేశం అది. అంత జరిగాక వచ్చిన వందో ఏడు.

చెప్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ వందేళ్ళ సందర్భంగా సరిహద్దు కొంచెం జరిపి హాల్టి పర్వతం మీది ఒక శిఖరాన్ని ఫిన్లాండ్‌కి కానుకగా ఇద్దామని నార్వేలో జనమే ప్రచారం చేశారు! మా రాజ్యాంగం ఒప్పుకోదని అక్కడి ప్రధాని 2016లో కాదనేశారు. అది జరగకపోయినా ఫిన్లాండ్ తనకి తాను ఒక కానుక ఇచ్చుకుంది, పార్లమెంటు ఎదురుగా ఓడి (Oodi) అనే పెద్ద లైబ్రరీ. అది తెరిచింది మరుసటేడు, 2018 డిసెంబర్ 5న. వందేళ్ళ గుర్తుగా పుస్తకాల ఇల్లు కట్టుకున్నారు. ఎవరైనా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ సాయంత్రం ఊరంతా కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు పెడతారు, ఆరు నుంచి ఎనిమిది దాకా. నేను ఊరేగింపు నుంచి తిరిగొచ్చేసరికి మా కింది అంతస్తు పెద్దావిడ కిటికీలోనూ వెలుగుతున్నాయి. మెట్ల మీద కనబడితే పలకరించడం తప్ప ఆవిడతో నాకు పరిచయం లేదు. ఆ రోజు మాత్రం తలుపు కొట్టాను. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. టీవీలో రాష్ట్రపతి భవనంలో విందు వస్తోంది, అధ్యక్షుడు గంటల తరబడి నిలబడి వచ్చినవాళ్ళందరికీ చేతులు కలుపుతున్నాడు.

వెనక వాళ్ళకి వినబడుతోందా? ఇది వినండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫిన్లాండ్ తల్లిదండ్రులు దాదాపు 70 వేలమంది పిల్లల్ని స్వీడన్‌కి పంపేశారు, ప్రాణాలైనా దక్కుతాయని. మెడలో పేరు రాసిన అట్టముక్క కట్టి రైలెక్కించారు. ఆవిడ వాళ్ళలో ఒకతె. నాలుగేళ్ళకి వెళ్ళింది. యుద్ధం అయ్యాక తిరిగొచ్చేసరికి స్వీడిష్ తప్ప ఏమీ రాదు, స్టేషన్‌లో అమ్మ ఏదో అడుగుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదట. ఆ అమ్మ కన్నతల్లి, వదిలొచ్చిన అమ్మ పెంచినతల్లి. రాత్రిళ్ళు ఏ అమ్మ కోసం ఏడుస్తున్నానో నాకే తెలిసేది కాదు అని చెప్పింది. వేలమంది పిల్లలు అసలు తిరిగి రానే లేదు. ఆవిడ ఇదంతా గొంతు పెంచకుండా, మధ్యమధ్య టీవీ చూస్తూ చెప్పింది.

నేను అప్పటిదాకా ఆ ఊళ్ళో అద్దెకుంటున్న మనిషిని. మరుసటి రోజు నుంచి బస్సులో పక్కన ఎవరైనా ముసలివాళ్ళు మాట్లాడకుండా కూర్చుంటే, వీళ్ళకి పొగరనో మనమంటే ఇష్టం లేదనో అనిపించడం మానేసింది. మీలో చాలామందికి మొదటి చలికాలం ఆ ఆలోచనలతోనే గడుస్తుంది, టెన్షన్ పడతారు, గదిలో ముడుచుకుపోతారు, మనవాళ్ళతో తప్ప మాట్లాడరు. దయచేసి అలా చేయకండి.

ఎవరెవరు ఎక్కడికి వెళ్తున్నారు, చేతులెత్తండి. జర్మనీ? అక్టోబర్ 3, రెండు జర్మనీలు 1990లో కలిసిన రోజు. ఫ్రాన్స్ అయితే జులై 14. పోలండ్ వాళ్ళున్నారా? నవంబర్ 11, రాసుకోండి, 123 ఏళ్ళు పటంలోనే లేని దేశం 1918లో మళ్ళీ నిలబడిన రోజు. ఫ్లైట్ ఎక్కేలోపు ఆ తేదీ వెనక ఏం జరిగిందో చదవండి. ఆ రోజు సెలవే కదా, బయటికి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడండి, పక్కింటివాళ్ళ తలుపు కొట్టండి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. వీసా ప్రశ్నలుంటే కింద కూర్చుంటాను, వచ్చి అడగండి.